గల్ఫ్ ఉద్యోగానికి ఒప్పుకునే ముందు జీతం, సౌకర్యాలు ఎలా మాట్లాడుకోవాలి

‘అన్నా, దుబాయిలో 1,500 ఇస్తామంటున్నారు, వెళ్లవచ్చా?’

జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి, కడప నుంచి, కోనసీమ నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఈ ప్రశ్నతోనే మొదలవుతాయి. నేను తిరిగి అడిగేది ఒక్కటే: ‘ఆ 1,500లో బేసిక్ ఎంత?’ బేసిక్ అంటే అలవెన్సులు కలపని మూల జీతం. అవతలి మనిషి చాలాసార్లు ఆగిపోతాడు. ఏజెంటు చెప్పలేదు, తాను అడగలేదు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడూ అడగలేదు. నెలకు 1,200 దిర్హాంలు (దుబాయి డబ్బు) అన్నారు, సరే అన్నాను. అందులో బేసిక్ 500 మాత్రమేనని, మిగిలినది అలవెన్సులని అక్కడ దిగాక తెలిసింది. నాలుగేళ్లు పనిచేసి తిరిగి వచ్చేటప్పుడు గ్రాట్యుటీ (పని ముగించేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) కింద చేతికి వచ్చింది 1,400 దిర్హాంలు. అదే 1,200 మొత్తం బేసిక్‌గా రాసి ఉంటే 3,360 వచ్చేది. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి నాకు ఖర్చయ్యేది ఒక నిమిషం. అందుకే ఇది రాస్తున్నాను.

ఇది కంపెనీ ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం: ఎలక్ట్రీషియన్లు, మేస్త్రీలు, వెల్డర్లు, డ్రైవర్లు, హోటలు సిబ్బంది, సెక్యూరిటీ గార్డులు, హెల్పర్లు. ఉదాహరణలు ఎక్కువగా యూఏఈవి (దుబాయి, అబుదాబి ఉన్న దేశం). సౌదీ, ఖతార్‌లలో తేడా ఉన్నచోట చెబుతాను. ఇళ్లలో పనికి వెళ్లేవారికి చట్టమే వేరు. వారి సంగతి చివర విడిగా ఉంది.

దగ్గర పెట్టుకోవలసినవి

- పాస్‌పోర్టు, దాని రెండు జిరాక్సులు. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ రకం. దానితో గల్ఫ్ ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు (విదేశీ ఉద్యోగానికి వెళ్లడానికి మన ప్రభుత్వ అనుమతి) తప్పనిసరి.
- అనుభవ ధ్రువపత్రాలు, ఐటీఐ సర్టిఫికెట్, డ్రైవింగ్ లైసెన్సు. పాత కంపెనీ జీతం స్లిప్పు ఉంటే అది మీ బేరానికి పెద్ద బలం.
- అదే పనిలో, అదే దేశంలో ఇప్పుడు ఉన్న ఇద్దరి ఫోను నంబర్లు. ఒకరు చాలరు. ఒక్కరి మాట ఆ ఒక్క కంపెనీ కథే అవుతుంది.
- ఒక నోటుపుస్తకం. ఎవరు, ఏ తేదీన, ఏమి చెప్పారో అందులో రాయండి.

1. ముందు మీ కనీస అంకె తేల్చుకోండి

ఎంత కంటే తక్కువైతే వెళ్లకూడదో తెలియకుండా బేరానికి కూర్చోవద్దు. ఈ లెక్క ఇంట్లో, ఇంటివాళ్లతో కలిసి వేయండి. లెక్క సులువుగా ఉండడానికి దిర్హాం 23 రూపాయలు అనుకుందాం; మీరు వేసే రోజున ఉన్న రేటు తీసుకోండి.

జీతం 1,500 దిర్హాంలు. రూము కంపెనీది, తిండి సొంతం. వంట కలిసి చేసుకుంటే తిండికి 350, ఫోనుకు 50, సబ్బులు, మందులు, చిల్లర ఖర్చులకు 100. మిగిలేది 1,000 దిర్హాంలు, అంటే 23,000 రూపాయలు.

ఏజెంటుకు, టికెట్టుకు, మెడికల్‌కు కలిపి నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష అప్పు తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీ 2,000. రెండేళ్లలో అసలు తీర్చాలంటే నెలకు సుమారు 4,170. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గుతుంది గాని, ముందుగా వేసుకునే లెక్కకు ఇది చాలు. ఇవి పోగా ఇంటికి చేరేది నెలకు దాదాపు 16,800.

ఇప్పుడు ఇక్కడి లెక్క. ఊళ్లో నెలకు 18,000 సంపాదిస్తున్నారు, మీ సొంత ఖర్చు 5,000 అనుకుంటే ఇంటికి ఇచ్చేది 13,000. అంటే రెండేళ్లు భార్యాపిల్లలకు, అమ్మానాన్నలకు దూరంగా ఉన్నందుకు అదనంగా మిగిలేది నెలకు 3,800 రూపాయలు. ఈ అంకె చూసి వెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. కానీ చూసిన తర్వాతే ఆ ఇష్టం చెప్పండి.

ఓవర్‌టైమును ఈ లెక్కలో కలపవద్దు. ఓటీ ఉంటుందని చెప్పడం వేరు, ప్రతి నెలా ఉండడం వేరు. పని తగ్గిన నెలలో మొదట ఆగేది ఓటీయే.

వచ్చిన అంకెను పుస్తకంలో రాసి కింద గీత గీయండి. బేరంలో ఆ గీత దాటి కిందికి రావద్దు.

2. ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి

ఊరికి వచ్చి ‘నాకు దుబాయిలో తెలిసినవాళ్లున్నారు’ అనే మనిషి చాలాచోట్ల సబ్ ఏజెంటు. అతనికి లైసెన్సు ఉండదు. జీతం పెంచే అధికారం అసలే ఉండదు. మీకు 1,500 అని, మీ పక్కవాడికి 1,800 అని చెప్పగలిగేది కూడా అతనే, ఎందుకంటే అతను రాసి ఇచ్చేది ఏమీ లేదు.

1983 వలస చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటులో లైసెన్సున్న ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరు, లైసెన్సు నంబరు, చిరునామా మూడూ సరిపోవాలి. పేరు ఒక్కటే కలిస్తే నమ్మవద్దు. మంచి పేరున్న ఏజెన్సీల పేర్లు వాడుకునే మోసగాళ్లు ఉన్నారు.

లైసెన్సున్న ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగలిగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రశీదు ఇవ్వాలి. లక్ష, లక్షన్నర అడిగేవాడు ఎంత మంచి మాటలు చెప్పినా చట్టం బయట ఉన్నాడు.

ప్రత్యామ్నాయం: తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ విదేశీ ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలు. అక్కడ అన్ని రకాల ఉద్యోగాలూ ఎప్పుడూ ఉండవు, ఆలస్యం కూడా కావచ్చు. అయినా ముందు అక్కడ పేరు నమోదు చేసుకుని, ఆ తర్వాత ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్లడం నా సలహా.

3. మొత్తం జీతాన్ని విడగొట్టి రాయించుకోండి

అన్నింటికంటే ముఖ్యమైన అడుగు ఇది. ‘జీతం 1,500’ అనేది ఆఫర్ కాదు. ఆఫర్ అంటే ఇలా ఉండాలి: బేసిక్ ఇంత, తిండి అలవెన్సు ఇంత, రూము కంపెనీది లేదా అలవెన్సు ఇంత, రవాణా ఇంత, ఇతరాలు ఇంత.

ఎందుకింత పట్టుదల? యూఏఈలో ఓవర్‌టైము, గ్రాట్యుటీ రెండూ బేసిక్ మీదే లెక్కగడతారు. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనికి బేసిక్ లెక్కన గంట కూలి, దానిపై కనీసం 25 శాతం అదనం. రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 మధ్య అయితే 50 శాతం అదనం. షిఫ్టు డ్యూటీ చేసేవారికి ఈ రాత్రి లెక్క వర్తించదు. గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ పైన ఏడాదికి 30 రోజులది. ఏడాది నిండకపోతే ఏమీ రాదు.

ఇద్దరు మిత్రులు ఒకే రోజు ఒకే జీతానికి వెళ్లారనుకోండి. ఇద్దరికీ నెలకు 1,500 దిర్హాంలే. మొదటివారి కాగితంలో బేసిక్ 1,200, అలవెన్సులు 300. రెండోవారిలో బేసిక్ 800, అలవెన్సులు 700. ఇద్దరూ రోజుకు రెండు గంటలు, నెలకు 26 రోజులు ఓటీ చేశారు, అంటే 52 గంటలు.

నెలకు 240 గంటల (30 రోజులు, రోజుకు 8 గంటలు) లెక్కన మొదటివారికి గంటకు బేసిక్ 5 దిర్హాంలు, ఓటీ గంటకు 6.25. నెల ఓటీ 325.
రెండోవారికి గంటకు బేసిక్ 3.33, ఓటీ గంటకు 4.17. నెల ఓటీ సుమారు 217.

నెలకు తేడా 108. రెండేళ్లకు 2,592. గ్రాట్యుటీలో మొదటివారికి 1,680, రెండోవారికి 1,120, తేడా 560. మొత్తం 3,152 దిర్హాంలు, మన డబ్బులో 72,000 రూపాయలకు పైనే. ఒకే పని, ఒకే ఎండ. తేడా అంతా కాగితం మీద జరిగిన పంపకంలో ఉంది. కంపెనీకి ఆ రోజు ఒక్క దిర్హాం కూడా ఎక్కువ ఖర్చు కాదు కాబట్టి, అడిగితే ఒప్పుకునే అవకాశం ఇక్కడే ఎక్కువ.

సౌదీలో లెక్క కొంచెం వేరు. అక్కడ సర్వీసు ముగింపు డబ్బును చివరి జీతం మీద, స్థిరమైన అలవెన్సులు కలిపి లెక్కిస్తారు: మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. కానీ మీరే రాజీనామా చేస్తే రెండేళ్ల లోపు ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ల మధ్య మూడో వంతే వస్తుంది, పదేళ్లు నిండేవరకు మూడింట రెండు వంతులు. ఓటీకి మాత్రం గంట జీతం మీద అదనంగా బేసిక్‌లో సగం కలుపుతారు, కాబట్టి అక్కడా బేసిక్ సంగతి వదిలేయవద్దు.

ఖతార్‌లో 2021 మార్చి 20 నుంచి కనీస వేతనం ఉంది: బేసిక్ 1,000 రియాళ్లు. కంపెనీ రూము ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనం. అక్కడికి ‘అన్నీ కలిపి వెయ్యి, తిండి మీదే’ అని ఎవరైనా చెబితే అది చట్టవిరుద్ధమైన ఆఫర్.

4. డ్యూటీ ఎన్ని గంటలో విడిగా అడగండి

సెక్యూరిటీ, హోటలు, డ్రైవింగ్ పనుల్లో జరిగే పెద్ద పొరపాటు ఇక్కడే. 1,500 అంటారు. అది 12 గంటల డ్యూటీకి అని చెప్పరు. నెలకు 26 రోజులు 12 గంటలు చేస్తే అందులో 104 గంటలు ఓటీ. చట్టం ప్రకారం ఓటీ విడదీస్తే ఆ 1,500 వెనుక ఉన్న అసలు బేసిక్ సుమారు 973 దిర్హాంలే. పైగా యూఏఈ చట్టంలో మామూలుగా ఓటీ రోజుకు రెండు గంటలు మించకూడదు.

అడగవలసిన తీరు: ‘ఈ జీతం ఎనిమిది గంటలకా? ఆ పైన చేస్తే గంటకు ఎంత? వారంలో సెలవు ఏ రోజు? సెలవు రోజున పిలిస్తే ఏమిస్తారు?’ ఈ నాలుగింటికీ అంకెలతో జవాబు రావాలి. ‘అవన్నీ అక్కడ చూసుకుంటారు’ అంటే జవాబు రాలేదని లెక్క.

క్యాంపు నుంచి సైటుకు బస్సులో పోయే సమయం కూడా అడగండి. గంటన్నర పోవడం, గంటన్నర రావడం అంటే మీ రోజులో మూడు గంటలు. అది జీతంలో కనిపించదు, ఒంట్లో కనిపిస్తుంది.

5. ఎప్పుడు అడగాలి, ఏ మాటలతో అడగాలి

ఇంటర్వ్యూలోనో ట్రేడ్ టెస్టులోనో (పని చేయించి చూసే పరీక్ష) మీరు ఎంపికయ్యారని చెప్పాక, మీరు డబ్బు గాని అసలు పాస్‌పోర్టు గాని ఇచ్చే ముందు. బేరానికి సరైన సమయం ఆ మధ్యలోనే ఉంది. అంతకు ముందు అడిగితే పక్కన పెడతారు. ఆ తర్వాత అడిగితే వినరు, ఎందుకంటే మీరు వెనక్కి పోలేరని వాళ్లకు తెలుసు.

హైదరాబాద్‌కో ముంబైకో కంపెనీ మనిషే ఇంటర్వ్యూకు వస్తే ఏజెంటు ద్వారా కాకుండా నేరుగా ఆయననే అడగండి. తల వంచుకోవద్దు, గొంతు పెంచవద్దు. ఇలా మాట్లాడవచ్చు:

‘సార్, మీ కంపెనీలో పనిచేయడం నాకు ఇష్టమే. మొత్తం 1,500 అన్నారు, దానికి ఒప్పుకుంటాను. బేసిక్ 1,200గా చూపించమని కోరుతున్నాను.’

‘నేను ఆరేళ్లుగా ప్యానెల్ బోర్డు పని చేస్తున్నాను, సర్టిఫికెట్లు ఇవిగో. హెల్పరుకు ఇచ్చే జీతానికి రాలేను. 1,800 ఇస్తే ఈ రోజే సంతకం చేస్తాను.’

‘ప్రొబేషన్ అయిపోయాక పెంచుతామన్నారు. ఎంత పెంచుతారో, ఏ నెల నుంచో ఆఫర్ లెటర్‌లో రాయండి.’

హిందీలో మాట్లాడాల్సి వస్తే ఈ మూడు వాక్యాలను ముందే హిందీలో పలికి చూసుకోండి. భాష తడబడితే చాలామంది ‘ఓకే సార్’ అని లేచి వచ్చేస్తారు. నేను అలా లేచి వచ్చినవాడినే.

అడిగేటప్పుడు అంకె చెప్పండి. ‘కొంచెం చూసి ఇవ్వండి’ అన్నమాటకు ఎవరూ ఏమీ ఇవ్వరు. మీ కనీస అంకె మాత్రం బయటపెట్టవద్దు. దానికి 15, 20 శాతం పైన మొదలుపెట్టండి.

‘నీ వెనుక ఇరవై మంది లైన్లో ఉన్నారు’ అంటారు. నిజమే కావచ్చు. హెల్పరు ఉద్యోగమైతే ఆ మాటకు బలం ఎక్కువ, మీకు బేరం చేసే చోటు తక్కువ. వెల్డరు, క్రేన్ ఆపరేటరు, ఏసీ టెక్నీషియన్, ట్రైలర్ డ్రైవరు అయితే అంత సులువుగా దొరకరని వాళ్లకూ తెలుసు. ‘సరే సార్, రేపు చెబుతాను’ అని లేచి రండి. ఒక్క రాత్రి ఆగినంత మాత్రాన పోయే ఉద్యోగం నిలకడగల ఉద్యోగం కాదు.

6. జీతం పెంచకపోతే ఏమి అడగాలి

జీతం అంకె కదలకపోయినా ఇవి కదులుతాయి. నేను అడిగే వరుసలోనే రాస్తున్నాను.

తిండి: కంపెనీ మెస్సో, నెలకు 300 అలవెన్సో. పై లెక్కలో తిండి ఖర్చు 350, కాబట్టి ఇది దాదాపు జీతం పెంచినట్టే. మెస్సు ఉందంటే మన అన్నం దొరుకుతుందా అని అక్కడున్నవారిని అడగండి. దొరకకపోతే డబ్బు తీసుకోవడమే మేలు.

టికెట్టు: వెళ్లేది, రెండేళ్లకు వచ్చేది, సెలవుకు రానూపోనూ. ‘టికెట్టు కంపెనీ ఇస్తుంది’ అని ఊరుకోకండి. ఏడాదికా రెండేళ్లకా, హైదరాబాద్ లేదా మీకు దగ్గరి విమానాశ్రయం వరకా, టికెట్టు బదులు డబ్బు తీసుకోవచ్చా అన్నవి రాయించండి.

సెలవు: యూఏఈలో ఏడాది సర్వీసుకు 30 రోజుల జీతంతో కూడిన సెలవు హక్కు. సౌదీలో 21 రోజులు, ఐదేళ్ల తర్వాత 30. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి కలిపి ఇస్తాయి. ఆ రెండేళ్ల సెలవు జీతం పూర్తిగా ఇస్తారా అని అడగండి.

వైద్యం: 2025 జనవరి 1 నుంచి యూఏఈలోని అన్ని ఎమిరేట్లలో ప్రైవేటు ఉద్యోగికి ఆరోగ్య బీమా చేయించడం యజమాని బాధ్యత. సౌదీలోనూ యజమానిదే. అది బేరం కాదు, హక్కు. బీమా పేరుతో జీతంలో కోత ఉండదని మాత్రం రాయించుకోండి.

డ్రైవర్లు ప్రత్యేకంగా: అక్కడి లైసెన్సు ఖర్చు ఎవరిది? కంపెనీ ముందు కట్టి నెలనెలా జీతంలో కోసుకోవడం చాలాచోట్ల ఉంది. వేల దిర్హాంల మాట అది. టెస్టు తప్పితే మళ్లీ కట్టేది ఎవరు? లైసెన్సు వచ్చేవరకు జీతం పూర్తిగా ఇస్తారా? ట్రాఫిక్ జరిమానాలు ఎవరివి? ఇవి మాట్లాడకుండా వెళ్లి, మొదటి ఆరు నెలలు ఇంటికి రూపాయి పంపలేకపోయినవారిని చూశాను.

7. ఖర్చులు ఎవరివో తేల్చండి

యూఏఈ చట్టం ప్రకారం నియామకపు ఖర్చులను యజమాని కార్మికుడి నుంచి నేరుగా గాని, చాటుగా గాని వసూలు చేయకూడదు. సౌదీ చట్టంలో 40వ అధికరణ ఇంకా వివరంగా ఉంటుంది: ఇకామా (అక్కడ ఉండడానికి అనుమతి), వర్క్ పర్మిట్, వాటి రెన్యువల్, ఆలస్యమైతే జరిమానా, ఎగ్జిట్ రీఎంట్రీ (సెలవుకు వెళ్లి తిరిగి రావడానికి అనుమతి), పని ముగిశాక ఇంటికి టికెట్టు అన్నీ యజమానివే. మన ఊళ్లలో ‘వీసా కొన్నాను’ అంటారు. చట్టబద్ధమైన ఉద్యోగంలో వీసా కొనేది ఉండదు.

‘ఆజాద్ వీసా’ అని చెప్పి ఏడాదికోసారి కఫీలుకు (వీసా ఇచ్చిన యజమానికి) డబ్బు కట్టమంటే దానికి దూరంగా ఉండండి. వీసా ఒకరిది, పని మరొకరి దగ్గర అయితే జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి యజమాని కాగితంలో ఉండడు. ఖల్లివల్లి అయినవారిలో (సరైన కాగితాలు లేకుండా మిగిలిపోయినవారిలో) చాలామంది కథ ఇలాగే మొదలైంది.

విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్పించుకోవచ్చన్న మాట వినగానే బేరం ఆపేయండి. విజిట్ వీసా మీద పనిచేయడం నేరం, మీకు ఎమిగ్రేషన్ క్లియరెన్సూ ఉండదు.

8. మాట్లాడినదంతా కాగితం మీదికి తెండి

యూఏఈలో వర్క్ పర్మిట్‌కు ముందు కార్మిక శాఖ నమూనాలో ఆఫర్ లెటర్ ఇచ్చి మీ సంతకం తీసుకోవాలి. అది అరబ్బీ, ఇంగ్లీషులతో పాటు హిందీ, తమిళం, మలయాళం వంటి భాషల్లోనూ ఉంటుంది. చదవగలిగిన భాషలో అడగండి. ఆ తర్వాత రాసే కాంట్రాక్టులో జీతం, సౌకర్యాలు ఆ లెటర్ కంటే తగ్గకూడదు.

సంతకానికి ముందు వేలు పెట్టి ఒక్కొక్కటే చూడండి: కంపెనీ పేరు, పని పేరు, బేసిక్, ప్రతి అలవెన్సూ, గంటలు, వారపు సెలవు, ప్రొబేషన్, టికెట్టు, నోటీసు. యూఏఈలో ప్రొబేషన్ ఆరు నెలలు మించకూడదు. ఏ గడినైనా ఖాళీగా వదిలితే సంతకం చేయవద్దు. ప్రతి పేజీ ఫోటో తీసి ఇంటికి పంపండి.

పని పేరు దగ్గర ఇంకొంచెం ఆగండి. మీతో ఎలక్ట్రీషియన్ అని మాట్లాడి వీసాలో కూలీ అని వేస్తే జీతం తగ్గించడానికి దారి దొరికినట్టే. సౌదీ వీసాలో ‘ఆమిల్ మంజిలీ’ అని ఉంటే అది ఇంటిపని వీసా. మీకు కంపెనీ ఉద్యోగమని చెప్పినా, కంపెనీ కార్మికుల చట్టం మీకు వర్తించదు. అరబ్బీ చదవగలిగినవారు మన ఊళ్లలో ఉన్నారు. వారికి ఒకసారి చూపించండి.

అసలు పాస్‌పోర్టు ఇవ్వకండి. యూఏఈ వీసాకు కాపీ సరిపోతుంది. మరేదైనా అవసరానికి ఇవ్వాల్సివస్తే తేదీతో రశీదు తీసుకోండి.

9. బేరం నిజంగా నిలిచిందో లేదో ఎలా చూడాలి

విమానం ఎక్కే ముందు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టండి: ఆఫర్ లెటర్, ఈ-మైగ్రేట్‌లో పెట్టిన కాంట్రాక్టు, వీసా. కంపెనీ పేరు, పని, జీతం మూడింటిలో ఒకేలా ఉండాలి. ఒక్కటి తేడా ఉన్నా ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. వాట్సాప్ సందేశమైనా చాలు, ఫోనులో మాట మాత్రం చాలదు. సందేహం ఉంటే హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస వెళ్లేవారి వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ అధికారి) కార్యాలయంలో చూపించవచ్చు.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ ఉండాలి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల బీమా. పాలసీ కాపీ ఇంట్లో ఇచ్చి వెళ్లండి. మీ దగ్గర మాత్రమే ఉంటే అవసరమైన రోజున అది ఇంటివాళ్లకు దొరకదు.

పదేపదే జరిగే పొరపాట్లు

దిర్హాంను, రియాలును, దీనారును ఒకే లెక్కన చూడడం. కువైట్ దీనారు విలువ దిర్హాంకు పది రెట్లకు పైనే. ‘120 మాత్రమేనా’ అని మంచి కువైట్ ఆఫర్‌ను వదిలినవారున్నారు, ‘1,200 వస్తుంది’ అని తక్కువ సౌదీ ఆఫర్‌కు మురిసినవారున్నారు. అన్నీ రూపాయల్లోకి మార్చాకే పోల్చండి.

బంధువు చెప్పాడని కాగితం అడగకపోవడం. మేనమామ అయినా, బావమరిది అయినా కాగితం అడగండి. నొచ్చుకుంటారన్న మొహమాటంతో అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ బంధువుకూ అసలు సంగతి తెలియకపోవచ్చు.

కొత్త కాగితం మీద అక్కడ సంతకం చేయడం. దిగిన రోజే నిద్రమొహంతో ఉండగా ఒక కట్ట ముందు పెడతారు. ‘నా ఆఫర్ లెటర్‌తో సరిచూసుకుని రేపు చేస్తాను’ అనండి. జీతం తగ్గించి ఉంటే చేయవద్దు. ఖాళీ కాగితం మీద ఎన్నడూ చేయవద్దు.

సప్లై కంపెనీ అని తెలుసుకోకపోవడం. మీ వీసా సప్లై కంపెనీది, పని ఇంకో కంపెనీలో. పని లేని నెల జీతం ఉంటుందా లేదా అన్నది మొదటే అడగాలి.

ఇళ్లలో పనికి వెళ్లే అక్కచెల్లెళ్లకు

పైన చెప్పిన ఓటీ, గ్రాట్యుటీ లెక్కలు మీకు అలాగే వర్తించవు. ఉదాహరణకు కువైట్‌లో 2015 నాటి 68వ చట్టం ఉంది. దాని ప్రకారం రోజుకు పని 12 గంటలు మించకూడదు, మధ్యలో విశ్రాంతి ఉండాలి. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజుల జీతం సెలవు. పని ముగిశాక సర్వీసులో ఏడాదికి ఒక నెల జీతం. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు.

ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళలకు 30 ఏళ్లు నిండకపోతే ఎమిగ్రేషన్ క్లియరెన్సు రాదు. నిండినవారు కూడా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. వయసు పెంచి పాస్‌పోర్టు చేయిస్తామనేవారి మాట వినవద్దు. ఏదైనా జరిగితే మీరు ఎవరో నిరూపించుకోవడమే కష్టమవుతుంది. మీరు బేరం చేయాల్సినవాటిలో జీతం తర్వాత మొదటిది ఫోను: రోజూ ఇంటికి మాట్లాడుకునే సమయం, ఫోను మీ దగ్గరే ఉంచుకునే హక్కు కాంట్రాక్టులో రాయమనండి. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, పిల్లలెంతమంది, మంచం పట్టిన పెద్దవాళ్లున్నారా, మీకు విడిగా గది ఉందా అన్నవి అడగండి. పనిభారం తేలేది ఆ జవాబుల్లోనే.

దిగిన తర్వాత మొదటి 45 రోజులు

యూఏఈలో ఉన్నవారు కార్మిక శాఖ యాప్‌లో తమ కాంట్రాక్టు చూసుకోవచ్చు. సౌదీలో కాంట్రాక్టు ‘కివా’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలోకి వస్తుంది, దాన్ని మీరే ఆమోదించాలి. ఆమోదం నొక్కే ముందు బేసిక్ చూడండి. ఫోను వేరొకరి చేతికిచ్చి ‘నువ్వే నొక్కు’ అనవద్దు.

మొదటి జీతం బ్యాంకు ఖాతాలోనో జీతం కార్డులోనో పడాలి. చేతికి నగదు ఇస్తామంటే ఎందుకని అడగండి. పడిన అంకెను పుస్తకంలో రాసుకున్న అంకెతో పోల్చండి. మొదటి నెల తేడాను మొదటి నెలలోనే రాసి అడగాలి. ఆరు నెలలు ఊరుకుంటే ఒప్పుకున్నారనే అంటారు. చేసిన ఓటీ గంటలు ఏ రోజువి ఆ రోజే రాసుకోండి.

తేడా సరిచేయకపోతే మొదట కంపెనీకి రాతలో, తర్వాత అక్కడి కార్మిక శాఖకు, దానితో పాటు భారత విదేశాంగ శాఖ ‘మదద్’ వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టండి. దుబాయిలో ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342. ఫోను చేసేటప్పుడు ఆఫర్ లెటర్ ఫోటో, జీతం పడిన సందేశం, గంటలు రాసుకున్న ఆ నోటుపుస్తకం ముందు పెట్టుకోండి. వాళ్లు మొదట అడిగేవి అవే.